నాలుగు మిల్లీమీటర్లు

"మీ ఇంటి ముందు రోడ్డు మీది ఈ గుంత లోతు ముప్పై ఆరు మిల్లీమీటర్లు. నలభై ఉంటేనే పూడుస్తామమ్మా," అన్నాడు కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్, స్కేలు జేబులో పెట్టుకుంటూ.

"ఆరుసార్లు ఫిర్యాదు చేశాను! నాలుగు మిల్లీమీటర్ల కోసం చక్రాల కుర్చీలో తిరిగే మా ఆయన నడుం విరగ్గొట్టుకోవాలా?" విన్‌ఫ్రెడ్ అరిచింది.

ఇన్‌స్పెక్టర్ వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయాడు. పక్కింటి సిరిల్ కంకర బకెట్‌తో తటపటాయిస్తూ వచ్చాడు.

"తప్పు నాదే చెల్లెమ్మా. మీ బెర్ట్రమ్ కుర్చీ ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రోజూ పొద్దున్నే ఇందులో కంకర పోసి తొక్కుతున్నాను."

"ఓరి దేవుడా! మీ పుణ్యమా అని ఇది ఈ జన్మలో నలభైకి చేరదు! మళ్ళీ పోశారంటే ఊరుకోను!"

ఇంట్లోంచి బెర్ట్రమ్ కేకేశాడు. "విన్నీ, ఆస్పత్రికి టైమవుతోంది!"

విన్‌ఫ్రెడ్ గుంత వంక చూసింది. సిరిల్ చేతిలోంచి బకెట్ లాక్కుంది. కంకరంతా తనే అందులో కుమ్మరించి, కసిగా తొక్కింది.