లైసెన్సు ఉన్న ఆట

సుగుణమ్మ గేటును కాలితో తన్ని లోపలికొచ్చింది.

“జయకృష్ణా! బయటికి రా! నా కొడుకు రోహన్ పురుగుల మందు తాగి దవాఖానల పడ్డడు. వానికి ఆ బెట్టింగు ఐడీ ఇచ్చింది నువ్వు కాదా?”

జయకృష్ణ లుంగీ సర్దుకుంటూ వరండాలోకొచ్చాడు. గోదావరి వైపు నుంచొచ్చి ఇబ్రహీంపట్నంలో స్థిరపడ్డ అతను పేరుకు ప్లాట్ల ఏజెంటు. సంపాదనంతా క్రికెట్ పందేల మీదే. ఆదిభట్ల కంపెనీ బస్సులెక్కే కుర్రాళ్లలో సగం మందికి ఐడీలు తనే తెరిచిచ్చాడు.

“అరవకమ్మా! ఆ యాప్ నాది కాదు, సముద్రం అవతల ఏదో ద్వీపానిది. అక్కడి ప్రభుత్వమే లైసెన్సిచ్చింది. లండన్లో అయితే మన టీకొట్లలాగా వీధికో పందెం కొట్టు. మన దగ్గరే ఈ చాదస్తం.”

“గట్లయితే లండన్ పోరగాండ్లకే ఇయ్యకపోయినవ్! నీ బామ్మర్దిని గీ పందేలతోనే మింగితివి, ఇంకా ఆకలి తీరలేదా?”

ఆమె చూపు గుమ్మంలో నిలబడ్డ అతని భార్య మీద పడింది.

“ఏమే అరుణా, నీకు సుత సిగ్గు లేదా? తోడబుట్టినోన్ని ఉరికెక్కించినోనికి అన్నమెట్ల పెడుతున్నవే?”

అరుణకుమారి చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. సుగుణమ్మ ఆ నీళ్లు జయకృష్ణ కాళ్ల ముందు పారబోసింది.

“నువ్వు జైల్ల కూసున్ననాడే నా కడుపు సల్లబడ్తది.”

“పందెం కేసుకి సాయంత్రానికల్లా బెయిలమ్మా,” నవ్వాడతను.

ఆ రాత్రే రోహన్ పోయాడు. జయకృష్ణ మొహంలో నవ్వూ పోయింది. దినాలు కాగానే సుగుణమ్మ స్టేషన్‌కి వెళుతుందని ఊరంతా చెప్పుకుంటోంది. ప్రాణం పోయిన కేసంటే సాయంత్రానికి తేలేది కాదు.

“లండన్ వెళ్లిపోతానే. అక్కడ నన్నెవడు అడుగుతాడు?”

“ఆ వీసా వచ్చేసరికి పోలీసులే వచ్చేస్తారు,” అంది అరుణకుమారి. “కువైట్ అయితే మా పిన్ని కొడుకున్నాడు. నేను మాట్లాడతానుండండి.”

“అక్కడ మన యాప్ నడుస్తుందంటావా?”

“ఫారినే కదండీ! పైగా మన గోదావరి వాళ్లు బోలెడుమంది. అందరికీ క్రికెట్ పిచ్చే.”

జయకృష్ణ కళ్లు మెరిశాయి. వీసా, టికెట్టు అన్నీ ఆమే చూసింది. బట్టలు ఇస్త్రీ చేయించి సర్దింది. గోంగూర పచ్చడి సీసా పగలకుండా తువ్వాల్లో చుట్టి పెట్టింది. ఎంతైనా కట్టుకున్నదే దిక్కు అనుకుంటూ, దినాలకు ముందురోజే విమానమెక్కాడు జయకృష్ణ.

దిగిన వారంలోనే పని మొదలుపెట్టాడు. కూలీలు ఉండే గదుల్లో తిరిగి ఐడీలు పంచాడు. రెండో మ్యాచ్ నడుస్తుండగా పోలీసులు తలుపు బద్దలుకొట్టుకుని వచ్చారు.

స్టేషన్లో ఒక్క ఫోను చేసుకోనిచ్చారు. ఇంటికి చేశాడు.

“అరుణా! కొంప మునిగిందే! ఇక్కడ పందెం ఆడటమే నేరమట, ఆడించినవాణ్ణి అసలు వదలరట. లాయర్ కూడా ఏమీ చేయలేడట. ఫారినే కదా అన్నావు! ఒక్క మాట కనుక్కోవద్దటే?”

“కనుక్కున్నానండీ,” అంది అరుణకుమారి నెమ్మదిగా. “ఏ దేశంలో వదిలేస్తారో, ఏ దేశంలో వదలరో అన్నీ కనుక్కునే టికెట్ కొన్నాను.”