హైమవతి మొదటి ప్రసంగం

డిగ్రీ మొదటి ఏడాదిలో ప్రసంగాల క్లాసు అందరికీ తప్పనిసరి. ఆ మంగళవారం హైమవతి వంతు వచ్చింది. రాసుకొచ్చిన కాగితాన్ని ఆమె మడిచి పక్కన పెట్టేసింది.

“మా హాస్టల్ నీళ్లలో ఏదో విషం కలుస్తున్నాది. మూడు రోజుల్లో ఐదుగురు పడిపోనారు. ఇవాళ పొద్దున్న మా రూములో సుగుణ చచ్చిపోనాది. ఆ నీళ్లు ఎవరూ తాగకండి” అంది.

క్లాసంతా చిరునవ్వుతో వింది. నొప్పించే మాటలను మెత్తబరిచి వినిపించే బిళ్లను పుట్టిన నెలలోపే అందరి చెవుల్లోనూ అమరుస్తారు. అది తిట్లను మారుస్తుందని హైమవతికి తెలుసు. చావు కబురును కూడా మారుస్తుందని తెలియదు.

లెక్చరర్ కృపామణి లేచి చప్పట్లు కొట్టింది. “నీటి పొదుపు గురించి ఎంత చక్కగా చెప్పావమ్మా!”

“పొదుపు కాదు మేడమ్! సుగుణ చచ్చిపోనాది!” హైమవతి గొంతు చించుకుని అరిచింది.

చప్పట్లు ఇంకా పెరిగాయి.

బోర్డు మీద రాసి చూపిద్దామని ఆమె మార్కర్ అందుకునేలోగా, హాస్టల్ స్నేహితురాలు చంద్రకళ సీసాతో వచ్చింది. తాను రెండు గుక్కలు తాగి, ఆమెకు అందించింది.

“గొంతెండిపోయినట్టున్నాది. తాగవే, క్లాసుకొచ్చే ముందే హాస్టల్లో పట్టాను.”