బిల్లు ఇంకా రాలేదు

"వద్దు తల్లీ, ఆ కార్డు మాత్రం ఆపొద్దు!"

ఆ అరుపుకి బ్యాంకు క్యూలో ఉన్నవాళ్లంతా తలతిప్పి చూశారు. కార్డుల కౌంటర్లో కూర్చున్న ఆఫీసరమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. ఆస్పత్రి లాండ్రీలో వేసుకునే నీలం కోటుతోనే పరుగెత్తుకొచ్చిన ఆ తల్లి, కౌంటరు అంచుని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"అది కాదమ్మా. అబ్బాయి ఇల్లొదిలి వెళ్లిపోయాడంటున్నారు. ఫోను చేస్తే స్విచాఫ్ అంటున్నారు. మీ క్రెడిట్ కార్డు మీద అతని పేరున తీసుకున్న రెండో కార్డు అతని దగ్గరే ఉందంటున్నారు. దాని మీద ఎంత వాడినా కట్టాల్సింది మీరే. ఆపేస్తే మీకే మంచిదని చెప్పాను."

"కడతాను. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ కడతాను. అది నడుస్తుంటేనే కదా, వాడు ఎక్కడో ఒకచోట ఇంత తింటున్నాడని నాకు తెలిసేది? ఆపేస్తే వాడి నోటికాడ కూడు లాగేసినట్టే."

ఆఫీసరు ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది. "సరే, ఆపను. కూర్చోండి. ఇంతకీ ఎందుకొచ్చారు?"

"బిల్లు ఇంకా రాలేదు. కార్డు ఇచ్చేటప్పుడు నెలకోసారి వస్తుందన్నారు. రాలేదేమని పోయిన నెల వచ్చి అడిగితే, ఈ సీట్లో కూర్చున్నాయన, 'వాడకపోతే బిల్లెందుకొస్తుందమ్మా, అదృష్టవంతురాలివి' అని నవ్వాడు. అంటే వాడు ఏమీ కొనుక్కోలేదనేగా? ఏమీ తినలేదనేగా? ఆ రోజు నుంచీ నాకు ముద్ద దిగడం లేదు."

"అలా అనుకోకండి. ప్రతి కార్డుకీ నెలలో ఒక తేదీ ఉంటుంది. ఆ రోజు లెక్క మూసి, బిల్లు తయారు చేస్తాం. మీది కొత్త కార్డు. చేతికొచ్చిన వారానికే మొదటి లెక్క మూసుకుపోయింది. అప్పటికి అందులో ఏమీ లేదు కాబట్టి బిల్లు రాలేదు. అంతేగానీ అబ్బాయి పస్తులున్నాడని కాదు. ఈసారి లెక్క శుక్రవారం మూస్తాం. ఉండండి, ఇప్పటిదాకా ఏమైనా పడ్డాయేమో చూస్తాను."

ఆమె ఆఫీసరు మొహం వైపే చూస్తోంది.

"వాడాడమ్మా!"

"వాడాడా?"

"అన్నీ చిన్నచిన్నవే. బైపాస్ రోడ్డు మీద ఒక హోటలు. తర్వాత రేవు దగ్గర బేకరీ."

"బేకరీయా? క్రీము బన్నంటే ప్రాణం వాడికి!" ఆమె కళ్లలో నీళ్లతోనే నవ్వింది. "ఇంకా?"

"ఇంకొకటి... మందుల షాపు."

నవ్వు ఆగిపోయింది. "మందుల షాపా? ఏమైంది వాడికి? ఏం మందులో చూడమ్మా."

"షాపు పేరే వస్తుందమ్మా, ఏం కొన్నారో మాకు తెలియదు."

"నాలుగు చినుకులు పడితే చాలు, పడిశం పట్టేది. ఒళ్లు కాలిపోతున్నా చెప్పడు. పక్కన ఎవరున్నారో, ఏమో." ఆమె కోటు అంచుతో మొహం తుడుచుకుని, అద్దాల తలుపు వైపు చెయ్యి చూపించింది. బయట ఖాకీ చొక్కా మనిషి ఒకాయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "మా ఆయన. లారీ డ్రైవరు. లోపలికి రమ్మంటే రాడు. వాడి పేరెత్తితే చాలు, కంచం ముందు నుంచైనా లేచిపోతాడు. రాయి కరుగుతుందేమోగానీ ఆ మనిషి కరగడు."

డ్యూటీకి వేళయిందని ఆమె లేచింది. బయట భర్తతో ఏదో చెప్పి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లి బస్సెక్కింది. బస్సు కదిలాక ఆయన లోపలికొచ్చాడు. క్యూ అంతా అయ్యేదాకా ఓ మూల నిలబడి, అప్పుడు కౌంటరు దగ్గరికి వచ్చాడు.

ఆఫీసరు ఉండబట్టలేకపోయింది. "ఆవిడ ఎలా తల్లడిల్లుతోందో చూశారా? ఊళ్లు తిరిగే మనిషి మీరు. ఆ హోటల్లోనో, ఆ బేకరీలోనో ఒక్కసారి ఆగి, మా అబ్బాయి వచ్చాడా అని అడగలేరా? కన్నకొడుకు మీద అంత పంతమా?"

ఆయన తల దించుకునే మెల్లగా అడిగాడు. "ఆ మందుల షాపుది బిల్లులోంచి తీసేయడం కుదరదా అమ్మా?"

"ఎలా కుదురుతుందండీ? పడిందంటే పడినట్టే."

"ఆ బిల్లు చేతికొస్తే ఇక అదే పట్టుకుని ఏడుస్తుంది." ఆయన కౌంటరు మీదికి ఇంకాస్త వంగాడు. "శుక్రవారం లెక్క మూస్తారంట కదా. ఆలోపు ఓ సినిమా టికెట్టు పడితే, అది కూడా ఈ బిల్లులోనే వస్తుందా?"

"ఒకట్రెండు రోజుల ముందే పడితే వస్తుంది. సినిమాకి వెళ్లాడని చూస్తే ఆవిడకీ కాస్త ఊరటే." అంటూనే ఆఫీసరు ఆగిపోయి, ఆయన్ని అనుమానంగా చూసింది. "కానీ మీ అబ్బాయి సినిమాకి వెళ్తాడని మీకెలా తెలుసు?"

ఆయన జేబులోంచి కొడుకు పేరున్న కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"పోతూ పోతూ వాడు దీన్ని నా మొహాన కొట్టి పోయాడమ్మా."