పిల్లి ఎంగిలి

ఫ్రిజ్‌లో సగం కేకు మాయమైన రోజున లెక్కల మాస్టారు ముందూ వెనకా చూసుకోకుండా ఒక అబద్ధం ఆడేశాడు.

"పిల్లి," అన్నాడు.

"ఫ్రిజ్ తలుపు తీసుకునా?" అంది భార్య.

"నువ్వే సరిగ్గా వేసుండవు."

ఆవిడ కేకు వంక చూసింది. మిగిలిన సగం స్కేలు పెట్టి కోసినట్టు తిన్నగా ఉంది. ఆవిడ మాత్రం తిట్టలేదు, అరవలేదు.

"ఇష్టంగా తిన్నట్టుందా, ఏదో ఆకలికి తిన్నట్టుందా?" అని అడిగింది.

"ఇష్టంగానే తినుంటుంది," అన్నాడు మాస్టారు, గోడ మీద క్యాలెండరు చూస్తూ.

ఆవిడ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. కొత్తరకం ఏదైనా ముందు ఒకటి చేసి ఫ్రిజ్‌లో పెట్టి చూస్తుంది. మాస్టారికేమో డాక్టరు తీపి మానేయమన్నాడు. పొద్దున ఓట్స్ జావ, మధ్యాహ్నం ఉడకబెట్టిన క్యారెట్లు. బడిలో కాపీ కొట్టిన పిల్లల చెవులు మెలిపెట్టే పెద్దమనిషికి, సొంత వంటింట్లో చాకు పట్టుకుని దొంగలా నక్కే ఖర్మ పట్టింది. ఏం చేస్తాడు పాపం!

పిల్లి అక్కడితో ఆగితే బాగుండేది. నాలుగు రోజులు పోయాక కాఫీ కేకు ఒక మూల ఎగిరిపోయింది. ఒట్టు, అది మాస్టారి పని కాదు.

"కళ్ళారా చూశానమ్మా. బూడిదరంగు పిల్లి," అన్నాడు మాస్టారి నాన్న. ఆయనకు షుగరు.

"బూడిదేమిటి మీ మొహం! నల్లగా నిగనిగలాడుతుంటేనూ. పైగా కుంటుతోంది," అంది అమ్మ. ఆవిడ వెన్న ముట్టుకోకూడదు.

కోడలు వంటింటి గుమ్మంలో ఒక గిన్నెలో పాలు పోసి పెట్టింది. అవీ ఖాళీ అయ్యాయి. ఆ సాయంత్రం నాన్న మీసం చివర తెల్లగా ఏదో ఎండిపోయి కనిపించింది.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. పిల్లి లేదని బయటపెడదామా అంటే ముందు తన మెడకే చుట్టుకుంటుంది. పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు. నిమ్మకాయ కేకు ఒక్కటి మాత్రం పిల్లి ముట్టుకోలేదు. ఎందుకోగానీ ఆవిడ మళ్ళీ దాన్ని చెయ్యలేదు. పిల్లి వచ్చిన దగ్గర్నుంచి ఆర్డర్లు కూడా పెరిగాయి.

ఎదురుగా పెడితే మాత్రం ముగ్గురూ బుద్ధిమంతులే. రుచి చూడమని ఆవిడ చిటికెడు చేతిలో పెడితే నోట్లో వేసుకుని "బ్రహ్మాండం!" అనేవాళ్ళు. చక్కెర బదులు ఉప్పు పడ్డ రోజున కూడా ముగ్గురూ బ్రహ్మాండమే అన్నారు. మొహం మాడిస్తే మర్నాడు ఆ చిటికెడు కూడా దక్కదని భయం.

ఇంతలో ఊళ్ళో పెద్ద బేకరీ ఓనరమ్మ ఇంటికొస్తానని కబురు పెట్టింది. ఒకే ఒక్క కేకు రుచి చూస్తుందట. నచ్చితే దాన్ని రోజూ తన బేకరీలో పెట్టుకుంటుందట.

"ఈవిడ గనక బాగాలేదంటే ఓవెన్ అమ్మేస్తానండీ. ఇంక నావల్ల కాదు," అంది భార్య. అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

పెళ్ళాం కన్నీళ్ళు ఒకపక్క. ఓవెన్ లేని ఇల్లు ఇంకోపక్క. రెండూ మాస్టారు తట్టుకోలేడు.

ఆ రోజు ఆవిడ రెండు కేకులు చేసింది. ఒకటి చాక్లెట్‌ది. రెండోది చక్కెరా వెన్నా లేని ఓట్స్ కేకు, మాస్టారి ఆరోగ్యం కోసం. చాక్లెట్ గిన్నెకి అంటుకున్నది చాటుగా నాకి మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ఇది బేకరీలో పెడితే జనం కొట్టుకు చస్తారు!

"ఓనరమ్మకి ఏది పెట్టాలో వచ్చాక చూస్తాను," అని ఆవిడ అట్టపెట్టెలు కొనడానికి బజారుకెళ్ళింది.

చూడ్డానికి ఏముంది, చాక్లెట్‌దే! దాన్ని కాపాడ్డానికి మాస్టారు బడికి సెలవు పెట్టి మరీ ఫ్రిజ్‌కి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

మొదట నాన్న వచ్చాడు. "మందేసుకోవాలి. మంచినీళ్ళు..."

"హాల్లో ఉన్నాయి నాన్నా."

తర్వాత అమ్మ వచ్చింది. "పిల్లి అలికిడైతేనూ, చూద్దామని..."

"నేనున్నాగా అమ్మా."

"నువ్వున్నావనే కదరా నా భయం," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఇంటినిండా చాక్లెట్ వాసన. మాస్టారికి నోరూరి, కడుపు కాలి, చెయ్యి దానంతటదే ఫ్రిజ్ మీదకి పోతోంది. భార్య మొహం గుర్తొచ్చింది. ఛీ, వెధవ బతుకు అనుకుని, ఓట్స్ కేకు బయటికి తీశాడు. తడిసిన అట్టముక్కలా ఉంది. ముక్కు మూసుకుని, గుక్కెడు నీళ్ళతో ఒక్కో ముద్దా మింగుతూ సగం లాగించాడు. చాక్లెట్ కేకు మీద ఈగ కూడా వాలలేదు. జన్మలో మొదటిసారి ఆయనకు తన మీద తనకే గౌరవం కలిగింది.

సాయంత్రం ఓనరమ్మ హాల్లో కూర్చుంది. భార్య వంటింట్లోకొచ్చి ఫ్రిజ్ తీసింది. రెండు కేకులనీ మార్చి మార్చి చూసింది. మొహం వెలిగిపోయింది. ఓట్స్ కేకు అంచులు చక్కగా కోసి పళ్ళెంలో పెట్టింది.

మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యయ్యో, అది కాదే! చాక్లెట్‌ది పెట్టు! అది అమృతం!"

"మీరు ఉప్పు కేకుని కూడా బ్రహ్మాండమన్నారు, ఊరుకోండి," అంటూ ఆవిడ ఆయన మీసంలో ఇరుక్కున్న ఓట్స్ పొట్టుని కొంగుతో ముద్దుగా తుడిచి, పళ్ళెం ఎత్తుకుని హాల్లోకి నడిచింది. "ఈ ఇంట్లో నిజం చెప్పేది ఆ పిల్లి ఒక్కటే కదండీ, అందుకేగా ఇన్నాళ్ళూ దాన్ని పోషిస్తున్నాను, అది ముట్టని కేకు ఇంతవరకూ ఒక్కటి కూడా గడప దాటించలేదు!"