సంతకాల రాణి

గంటన్నరగా వరుసలో నిలబడి ఉంది ముసలావిడ. ఆ గంటన్నరా రాణిని తిడుతూనే ఉంది.

పోలింగు మా రేవు బడిలో పెట్టారు. బయట సన్నగా మంచు పడుతోంది. లోపల తడిసిన ఉన్ని కోట్ల వాసన, ఉప్పు చేపల వాసన. దేశానికి సింహాసనం ఉండాలా, అక్కర్లేదా అన్నది ఆ రోజు తేలిపోవాలి. రెండు పక్షాలూ సరిసమానంగా ఉన్నాయని పత్రికలు వారం రోజులుగా మొత్తుకుంటున్నాయి. అందుకే మంచం దిగలేనివాళ్లని కూడా మోసుకొచ్చారు.

గుమ్మం దగ్గర ‘ఉండాలి’ పక్షం వాళ్లు రాణి మొహం చక్కెరతో అచ్చేసిన బన్నులు పంచుతున్నారు. ఒక లావుపాటాయన ఆ మొహాన్ని నాలుకతో నాకుతూ లోపలికొచ్చాడు. ముసలావిడ తల తిప్పుకుంది.

ముందుకి వెళ్లిపొమ్మని అందరూ దారి ఇచ్చారు. ఆవిడ వినలేదు. డెబ్బై ఒక్క ఏళ్లకి మొదటిసారి ఓటు వేస్తున్నానని, నిలబడే వేస్తానని చెప్పింది. పుట్టి పెరిగిందీ, ముసలిదైందీ రాజభవనంలోనే. రాజకీయాల జోలికి పోకూడదని ఆవిడకి చిన్నప్పుడే నూరిపోశారు.

ఆవిడ ముందు చేపలమ్మే మార్గిట్ నిలబడింది. రాణి థోర్డిస్ అంటే మార్గిట్‌కి ప్రాణం. ఇంట్లో పొయ్యి పైన రాణి ఫోటో పెట్టుకుంది. మామూలుగా ఆమె నోటికి హద్దూ అదుపూ ఉండదు. ఇవాళ మాత్రం బిక్కచచ్చిపోయి వింటోంది.

“ఆవిణ్ణి అన్నేసి మాటలు మీరే అనాలా అమ్మా?” అంది చివరికి. “ఎవరికీ చెడు చేసిన మనిషి కాదు.”

“చెయ్యలేదు. ఏమీ చెయ్యలేదు. అదే నా కడుపుమంట.”

నలభై ఆరేళ్లు. మంత్రులు ఏ కాగితం ముందు పెడితే దాని మీద సంతకం. టోర్విక్ లోయని ఆనకట్ట నీళ్ల కింద ముంచే చట్టం వచ్చినప్పుడు, అక్కడి రైతులు మూడు రోజులు మంచులో భవనం గేటు ముందు కూర్చుని ఏడ్చారు. రాణి కిటికీ తెర జరిపి చూసింది. తెర వేసేసింది. సంతకం పెట్టింది. ఆ సాయంత్రం విందులో ప్రధానమంత్రి పొగబెట్టిన చేప తిని, ఆ జిడ్డు చేత్తోనే చెయ్యి కలిపాడు. రాణి నవ్వుతూ కలిపింది. ఛీ. తర్వాత దీవుల్లో క్షయ ఆసుపత్రులు మూసేసే చట్టం వచ్చింది. అదే పెన్ను, అదే నవ్వు.

దగ్గరుండి చూసిన మనిషి కనక ముసలావిడ ఒక్కొక్కటీ పూసగుచ్చినట్టు చెప్పింది. రోజూ పొద్దున లేస్తూనే ఆ మొహం చూడాల్సి రావడం తన ఖర్మ అంది.

మార్గిట్ ఊరుకోలేకపోయింది. “కాదనడానికి లేదు కదమ్మా. రాజ్యాంగం అలా రాసిపెట్టారు. పాపం, రాణి మాత్రం ఏం చేస్తుంది?”

“పెన్ను కింద పెట్టొచ్చు. దానికి రాజ్యాంగం అడ్డమొచ్చిందా?”

చుట్టూ ఉన్నవాళ్లు నేల చూపులు చూశారు.

ముసలావిడ అసలు బాధ వేరే. సునీవా. రాణిగారి మనవరాలు, తొమ్మిదేళ్ల పిల్ల. తండ్రి సముద్రంలో పోయాడు. సింహాసనం మిగిలితే రాణి తర్వాత ఆ పిల్లే ఎక్కాలి. కిందటి నెల భవనంలో పిల్లకి తర్ఫీదు మొదలుపెట్టారు. మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. చెయ్యి ఊపితే మణికట్టు మాత్రమే కదలాలి. దాహమనకూడదు. ఒంటేలనకూడదు. రెండో రోజు పిల్ల ఆపుకోలేక కుర్చీలోనే తడిపేసుకుంది. నేర్పే పెద్దమనిషి గడియారం చూసి, ఇంకా నలభై నిమిషాలుంది, నవ్వమన్నాడు. పిల్ల నవ్వింది. గోడవారగా నిలబడ్డ పెద్దలందరూ మెచ్చుకుంటూ తలలూపారు.

ఆ తడి మేజోళ్లు విప్పి, కాళ్లు కడిగింది ముసలావిడే. కడుగుతుంటే పిల్ల, “నేను బాగా నవ్వానా?” అని అడిగిందట.

“అచ్చం రాణి నవ్వే,” అంది ముసలావిడ. “చూడగానే నాకు డోకొచ్చింది.”

మార్గిట్ కళ్లు ఒత్తుకుంది. ‘ఉండాలి’కే వేద్దామని వచ్చానని, ఇప్పుడు ఏం చెయ్యాలో పాలుపోవడం లేదని గొణిగింది. మీరే చెప్పమన్నట్టు ముసలావిడ మొహంలోకి చూసింది. నీ ఓటు నీ ఇష్టం, నేను చెప్పకూడదు అంది ముసలావిడ.

మార్గిట్ ఓటు వేసి గోడవారకి వెళ్లి నిలబడింది. ముసలావిడ వంతు వచ్చింది.

బల్ల వెనక గుమాస్తా హల్వార్ కూర్చున్నాడు. ఆవిడ పేరు ఆ ఉదయమే జాబితా చివర చేతిరాతతో చేర్చారు. పేరుంది, పుట్టిన తేదీ ఉంది. వృత్తి గడి ఖాళీగా ఉంది. ఓటరు తన నోటితో చెబితే తప్ప ఆ గడి నింపకూడదని నియమం. మావాళ్లకి నియమమంటే నియమమే. ఇల్లు తగలబడుతున్నా వరుసలో నిలబడి నీళ్లు పోసే జాతి మాది.

హల్వార్ లేచి నిలబడ్డాడు. ఏమనుకున్నాడో, మళ్లీ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. బన్ను తింటున్నాయన నమలడం మానేశాడు.

“వృత్తి చెప్పండమ్మా,” అన్నాడు హల్వార్ తలెత్తకుండా.

“రాసుకో నాయనా,” అంది ముసలావిడ, “నిన్న సాయంత్రం దాకా రాణిని.”