కుడి సగం

“మార్చి పదకొండు, గురువారం. రొట్టె, రెండు ఉడికించిన గుడ్లు. గుడ్ల మీద ఉప్పు చల్లడం మరిచిపోయారీయన” అంది పుస్తకాల బైండరు భార్య నవ్వుతూ.

ఇవాళ పొద్దున ఏం తిన్నారని డాక్టరు అడిగాడు. ఇది సెప్టెంబరు. ఆపరేషన్ అయ్యాక ఆమెకు మిగిలిన ఆఖరి జ్ఞాపకం ఆ పొద్దుటి తిండే. ఆ తర్వాతిదేదీ లేదు. కొత్తది ఏదైనా పది నిమిషాలు నిలవడం లేదు.

“కాఫీ తెస్తానుండండి” అని లేచింది. అప్పటికే రెండుసార్లు ఇచ్చింది. డాక్టరు మూడో కప్పు కూడా కాదనకుండా అందుకున్నాడు. ఆ మంచితనం చూడలేక బైండరు, బిగించి పెట్టిన పుస్తకం వైపు చూపు తిప్పుకున్నాడు.

ఆమె కప్పులు కడగడానికి లోపలికి వెళ్లాక డాక్టరు గొంతు తగ్గించాడు. జ్ఞాపకాల తయారీలో మెదడు రెండు సగాలకూ పాలుంది. ఆమెకు మూర్ఛలు తెప్పిస్తున్నది ఎడమ సగంలోని ఒక ముక్క. దాన్ని తీసేస్తే కుడి సగం ఒంటిచేత్తో నెట్టుకురాగలదా? అది తేల్చుకోవడానికే ఆ గురువారం మధ్యాహ్నం ఎడమ సగానికి మత్తిచ్చి ఎనిమిది బొమ్మలు చూపించాడు. మత్తు వదిలాక వాటిని వేరే బొమ్మల్లో కలిపి, ఇందాక చూసినవేవో చెప్పమన్నాడు. చెప్పలేకపోతే ఆపరేషనే ఉండేది కాదు.

“ఎనిమిదికి ఎనిమిదీ చెప్పారండీ. మరి ఆ కుడి సగం ఇప్పుడేమైపోయింది? ఎక్కడ పొరబడ్డానో తెలియకుండా ఇంకొకరి తల మీద కత్తి పెట్టలేను. రేపు రాజీనామా ఇచ్చేస్తున్నాను. ఆ రోజు మీకేమైనా తేడాగా అనిపించిందా?”

బైండరు జిగురంటిన వేళ్లను గుడ్డకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

“ఏమీ లేదండీ” అన్నాడు.

డాక్టరు తలూపి మెట్లు దిగాడు. బయట వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

“ఎవరండీ ఆయన? మొహం వేలాడేసుకుని పోతున్నాడు. మీరేమైనా అన్నారా?” అంది కప్పులు కడిగి వచ్చిన భార్య.

“తప్పెక్కడ జరిగిందో తెలియక కుమిలిపోతున్నాడు.”

“మీకు తెలిస్తే చెప్పొచ్చుగా, పాపం.”

“ఆ రోజు నీ పక్కన కూర్చుని, చూసిన బొమ్మ వచ్చినప్పుడల్లా నీ చెయ్యి నొక్కింది నేనే” అని, పది నిమిషాల్లో మరిచిపోయే ఆ ఒక్క మనిషికే చెప్పుకుని, బైండరు చప్పుడు కాకుండా వీధి తలుపు వేశాడు.