తుమ్మచెట్టు ముడి

వాగు ఒడ్డున ఒక తుమ్మచెట్టు, దాని వెనకే ఒక తాడిచెట్టు. రెండింటి నిండా గిజిగాళ్ల గూళ్లే. తుమ్మ మీది పిట్టలు రోజుకో కొత్త అల్లిక అల్లి చూసేవి. వాటిలో సగం గాలికే రాలిపోయేవి. వానాకాలమంతా నిలబడ్డ అల్లికనే తాడి మీది పిట్టలు నేర్చుకుని అల్లేవి.

పసిడి అనే ఆడపిట్ట గుడ్లు పెట్టడానికి తాడిచెట్టునే ఎంచుకుంది. "ఆ తుమ్మచెట్టు పిచ్చోళ్లతో మనకేం పని!" అంది.

ఆ ఏడాది జడివానకు గూటి అడుగున ఒక ముడి జారి, గుడ్డొకటి వాగులో పడిపోయింది. పసిడి ఏడుస్తూనే బురద తెచ్చి కంత పూడ్చింది.

పక్క గూటి ముసలి గిజిగాడు అది చూశాడు. "తుమ్మ వాళ్లకు చెప్పావా అమ్మా?"

"నా కంత నేను పూడ్చుకున్నాగా తాతా! వాళ్లకెందుకు?"

"ఆ ముడి పుట్టిందే అక్కడ. నువ్వు పూడ్చింది ఈ ఏడాది గూడు. వచ్చే ఏడాది గూట్లోనూ అదే ముడి ఉంటుంది."

పసిడి మిగిలిన గుడ్లకేసి చూసింది. తర్వాత వానలోనే తుమ్మచెట్టుకు ఎగిరింది. అక్కడ మూడోసారి గూడు కూలిన కుర్ర గిజిగాడొకడు అంతా విని, "ఏ ముడి? చూపించక్కా" అంటూ తన అల్లిక విప్పదీశాడు.

మరుసటి ఏడు కొత్త గూట్లో పసిడి అడుగంతా ముక్కుతో తడిమింది. తుమ్మ మీద మార్చి అల్లిన ఆ ముడి బిగిసి ఉంది.

కింది గూట్లోకి కొత్తగా వచ్చిన పిట్ట నవ్వుతోంది. "ఆ తుమ్మచెట్టు పిచ్చోళ్లను చూశావా అక్కా?"

"చూశాను. నీ గుడ్లు ఉన్నది వాళ్ల ముడి మీదే" అంది పసిడి.